గొగుడు

“ఇదేంటో చెప్పండి.”

భాషాశాస్త్రం చదువుతున్న కుర్రాడు గొడుగు బొమ్మ చూపించి రికార్డర్ నొక్కాడు.

మైకు ముందు కూర్చున్న పెద్దావిడ ముసిముసిగా నవ్వింది. “గొగుడు.”

అతనికి ఒళ్ళు మండిపోయింది.

చిన్నప్పుడు అతనూ అలాగే అనేవాడు. బడిలో అదే పేరై కూర్చుంది. “ఒరేయ్, గొగుడుగాడొచ్చాడ్రా!” అనేవాళ్ళు. ఆ కసితోనే, మాటల సంగతేంటో తేల్చుకుందామని ఈ సైన్సు డిగ్రీలో చేరాడు. ల్యాబులో ఈ సంగతి ఒక్క స్నేహితుడికే తెలుసు. ఇది కచ్చితంగా వాడి పనే.

“సరిగ్గా పలకండి.”

“నా నోటికి అలాగే వస్తుంది బాబూ. నీకు రాదూ?”

“వాడు పంపాడా మిమ్మల్ని?”

“ఎవరు నాయనా?”

“నంగనాచి కబుర్లొద్దు. ఇది సైన్సు, కాలక్షేపం కాదు. అసలే బొంగురు గొంతు. ఎందుకొచ్చారసలు?”

“నా గొంతు నీ దగ్గరుంటుందని...”

గొంతుల్లో వెంట్రుకవాసి తేడా పట్టే ఆ చెవికి, అందులోని వణుకు వినపడలేదు.

“నా దగ్గరెందుకు? చెత్తబుట్టలో ఉంటుంది.” ఆమె కళ్ళముందే రికార్డింగు చెరిపేశాడు. “ఇక దయచేయండి.”

ఆమె లేచింది. తలుపు దగ్గర ఏదో అనబోయి, గొంతు పట్టుకుని దగ్గింది.

“తర్వాత ఎవరండీ?” అని అతను కేకేశాడు.

మర్నాడు అమ్మ ఫోన్ చేసింది.

“నిన్న నీ దగ్గరికి ఒకావిడ వచ్చిందా?”

“వచ్చింది. వెళ్ళగొట్టాను. నన్ను వెక్కిరించడానికే వచ్చింది. గొగుడట, గొగుడు!”



“నేనే పంపాన్రా. మా వాడు మనుషుల గొంతులు దాస్తాడంటే పొంగిపోయింది. తనెవరో తనే చెప్తానంది. పొద్దున ఆవిడ గొంతుకి ఆపరేషనైంది. ఇక మాట రాదన్నారు.”

అతని వేళ్ళు రికార్డర్‌ను తడిమాయి. అందులో ఏమీ లేదు.

“ఎవరమ్మా ఆవిడ?”

“నీకేం గుర్తుంటుందిలే! నిన్ను కని నేను మూడేళ్ళు మంచాన పడితే, అప్పట్లో మన పక్కింట్లో ఉండే ఈవిడే నిన్ను సాకింది. నీకు మాటలన్నీ నేర్పింది ఆవిడే. నన్ను ‘అమ్మా’ అని పిలవడం కూడా.”