అడ్డగాలి

విమానం దిగబోయి మళ్లీ పైకి లేచింది.

విమాన శిక్షణ మైదానం కంచె లోపల నిలబడ్డ ఐలవ్వ గుండె మీద చెయ్యి వేసుకుంది. “గదేంది, దిగకనే పాయె?”

“గాలి తిక్కతిక్కగ కొడుతుందవ్వా,” అన్నాడు వాచ్‌మన్ దేవదాస్. “అదుపు దొరకకుంటే ఇంకో సుట్టు తిరిగొస్తరు. ఫికర్ చెయ్యకు. నేర్చుకునే పిల్ల పక్కన మల్లేష్ సారున్నడు.”

“సారు మంచిగ నడుపుతడా?”

“మస్తు పేరు. గంత ఓపికున్నోన్ని నేను సూడలే.”

ఐలవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మందమర్రి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిందామె. ఎందుకొచ్చినవని అడిగితే, విమానం సూద్దమని అంది. అలాంటివాళ్లు అప్పుడప్పుడు వస్తూనే ఉంటారు. ఎండ చూసి దేవదాసే జాలిపడి లోపలికి రానిచ్చి, రేకుల కింద నీడ చూపించాడు. ఆమె నీడకు పోలేదు.

విమానం మళ్లీ వచ్చింది. చిన్న విమానం, రెండే సీట్లు. తగ్గినట్టే తగ్గిన గాలి, చక్రాలు నేలకు ఆనబోతుండగా పక్కనుంచి ఈడ్చి కొట్టింది. ఒక రెక్క లేచింది. రెండోది నేలను గీరింది. విమానం ఎగిరిపడి, ముక్కు నేలకు గుద్దుకుని, రన్‌వే దాటి చెలక భూమిలో పడింది.

దేవదాస్ తేరుకునేలోపే ఐలవ్వ పరుగు తీసింది. చెప్పులు ఎక్కడ జారిపోయాయో ఆమెకే తెలియదు.

పెట్రోలు వాసన గుప్పుమంటోంది. ఆమె ముందు సారు వైపే పోయింది. తలుపు ఊడి వేలాడుతోంది. అతని కాళ్లు నుజ్జయిన రేకుల్లో ఇరుక్కున్నాయి. చంకల్లో చేతులు వేసి గుంజింది. కదల్లేదు. మళ్లీ గుంజింది.

“నా కాళ్లు వస్తలేవవ్వా,” అన్నాడతను. “ముందు పిల్లను తియ్యి.”

ఆమె వినలేదు. ఇంకా గుంజుతూనే ఉంది.

“పిల్లను తియ్యవ్వా! నీ కాళ్లు మొక్కుత!”

ఐలవ్వ అటువైపు ఉరికింది. ఆ పిల్ల, మమతారాణి, తెలివి తప్పి ఉంది. బెల్టు ఎట్లా విప్పాలో ఐలవ్వకు తెలియదు. సారే చెయ్యి చాచి విప్పాడు. పిల్లను భుజాలు పట్టి గట్టుదాకా ఈడ్చుకొచ్చి, వెనక్కి తిరిగింది.

అప్పటికే అంటుకుంది. గాలి ఒక్క విసురుతో మంటను విమానమంతా పరిచేసింది.

కాలుతున్న రేకును రెండు చేతులా పట్టుకున్న ఆమెను దేవదాస్ నడుము చుట్టి వెనక్కి లాగాడు. “ఇంక లాభం లేదవ్వా!” ఆమె అతని చెయ్యి కొరికింది. నెత్తురొచ్చినా అతను వదల్లేదు.

ఆ తర్వాత ఐలవ్వ కరీంనగర్ ఆసుపత్రి వరండాలో, బొబ్బలెక్కిన అరచేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మమతారాణి తండ్రి శ్యాంసుందర్ వచ్చి ఆమె ముందు కూలబడ్డాడు.

“నా బిడ్డకు తెలివొచ్చిందవ్వా. నువ్వెవరివో, ఏ ఊరిదానివో... నీ రుణం నేనెట్ల తీర్చుకోవాలె?”

ఆమె అతని తల మీద చెయ్యి పెట్టింది. తియ్యలేదు.

ఎస్సై దేవదాస్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. “మల్లేష్ సారు తల్లికి ఎట్ల కబురు చెయ్యాలెనో సమజైతలేదు. ఇందాకటి సంది ఫోన్ చేస్తున్నం. రింగైతుంది, ఎత్తుతలేదు.”

ఐలవ్వ తలెత్తింది.

“గా ఫోన్ నాదే సారూ, ఇంట్ల మర్చిపోయి వచ్చిన.”