వంతెన అవతలి లాయరు

"సంతకం పెట్టను. వెర్మాంట్‌లో పడుకుని న్యూ హాంప్‌షైర్‌లో వాదిస్తానంటే ఎలాగమ్మా?"

ఆల్డెన్ ప్రౌటీ ఆ కాగితాన్ని వేలి కొసతో అవతలికి నెట్టాడు, చచ్చిన ఎలుకను నెట్టినట్టు. నదికి ఇవతల, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని హార్లో ఊరి లాయర్ల సంఘానికి ఇరవై ఏళ్లుగా ఆయనే పెద్ద. ఆయన సంతకం లేనిదే జడ్జి ఎవరిచేతా లాయరుగా ప్రమాణం చేయించడు.

లోయిస్ బెసెట్ ఎదురుగా నిలబడే ఉంది. కూర్చోమన్న పాపాన పోలేదు ఎవరూ. నది అవతలి వెర్మాంట్ రాష్ట్రం నుంచి వంతెన మీదుగా నడిచొచ్చింది, బూట్ల నిండా ఏప్రిల్ బురద. ఆ బురద తన గది నేలమీద పడుతుంటే ప్రౌటీ కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

"పరీక్ష ప్యాసయ్యాను కదండీ."

"నేర్పితే చిలకా ప్యాసవుతుంది."

"మా ఇల్లు మీ కిటికీలోంచే కనిపిస్తుంది. అదిగో, ఆ పొగ మా పొయ్యిదే."

"పొగ ఇవతలికొస్తే చాలదు, మనిషి ఇవతలుండాలి. పొద్దున్నే వచ్చి మా తగాదాలు మేసి, చీకటిపడేసరికి నది దాటిపోయే వాళ్లంటే నాకు రోత."

"మా వైపు కోర్టు కొండకు ఆ పక్కనెక్కడో ఉంది. ఇదొక్కటే నాకు దగ్గర. ఇప్పటికి రెండుసార్లు తిప్పి పంపారు. లా చదివి డోనట్లు అమ్ముకుంటున్నాను."

"మంచి పని. మానకు."

మూలన కూర్చున్న కోర్టు గుమాస్తా వెర్నా గొంతు సవరించుకుంది. "అయ్యా, వాషింగ్టన్ పెద్దకోర్టు తీర్పొచ్చింది. ఒక రాష్ట్రం మనిషి పక్క రాష్ట్రంలో పని చేసుకుని బతుకుతానంటే రాజ్యాంగం ఒప్పుకుంటుందట. ఇల్లు ఎక్కడుందన్న వంకతో కాదనకూడదట."

"వాళ్లెప్పుడైనా ఈ వంతెన చూశారా?"

"చూడలేదు. కానీ మీరు సంతకం పెట్టకపోతే జడ్జి గారు మిమ్మల్నే బోనెక్కిస్తానన్నారు."

ప్రౌటీ ఆముదం తాగిన ముఖం పెట్టి సంతకం గీకాడు. నిబ్బు కాగితాన్ని చీల్చింది. లేచి చెత్తబుట్టలో ఉమ్మేశాడు.

పక్క గదిలో జడ్జి ప్రమాణం చేయించడం ఐదు నిమిషాల్లో అయిపోయింది. బయటికొచ్చి లోయిస్ చెయ్యి చాపింది. ప్రౌటీ రెండు వేళ్లు తగిలించి, రుమాలు తీసి తుడుచుకున్నాడు.

ఆమె సంచిలోంచి మడత పెట్టిన కాగితాలు రెండు తీసింది. ఒకటి వెర్నా చేతికిచ్చి ముద్ర వేయించింది. రెండోది ఆయన ముందు పెట్టింది.

"ఏమిటిది?"

"నా మొదటి కేసండీ. మీ వైపు మనిషిదే."

"మావాళ్లలో అంత గతిలేని పీనుగు ఎవరు? ఇంతమంది లాయర్లం ఇక్కడ చచ్చామా?"

"ముందు మీ వాళ్ల దగ్గరికే వెళ్లిందట పాపం. పదకొండుమందీ తలుపేసుకున్నారట. కేసు మీమీదైతే ఈ ఊళ్లో ఎవరు తీసుకుంటారండీ? గత్యంతరం లేక వంతెన దాటింది."

ప్రౌటీ మడత విప్పాడు.

విడాకుల దావా. మొదటి వరసలో, ఆ పొద్దున తనకు గుడ్లు వేయించి పెట్టిన మేబెల్ ప్రౌటీ పేరుంది.