తలవంపుల కార్డు

నిఘంటువు అచ్చుకు వెళ్ళే రోజు, ఒక్కో మాటకి రాసిపెట్టిన కార్డుతో పోల్చి ప్రూఫులు దిద్దుతున్న కూతురి చెయ్యి ‘తలవంపులు’ కార్డు దగ్గర ఆగిపోయింది.

“‘విడాకులతో ఇల్లు చేరి మాకు తలవంపులు తెచ్చావు.’ ఈ ఉదాహరణ నీదే కదా నాన్నా? తారీఖు కూడా నేనొచ్చిన రోజుదే!”

“విన్న మాటని ఆ రోజే కార్డెక్కించాలమ్మా,” అన్నాడు సంపాదకుడు, నీరసంగా కళ్ళద్దాలు తీస్తూ.

“అన్నదీ నువ్వే, రాసుకున్నదీ నువ్వే. భేష్! చింపెయ్యనా?”

“కార్డు చింపకూడదు. మొదట్లో ఈ మాటకి అర్థం ఒట్టి తల వంచడమే, సిగ్గు తర్వాత చేరింది. అర్థం మారినప్పుడల్లా కింద కొత్త ఉదాహరణ రాస్తాం.”

ఆయన కార్డు తీసుకుని, ఈరోజు తారీఖు వేసి రాశాడు: ‘కూతుర్ని అంత మాటన్నందుకు నాకే తలవంపులు.’

“ఊరంతా చదువుతారు నాన్నా.”

“చదవనీ. ఆ రోజు ఊరంతా వినేలాగే అరిచాను.”