కుడివైపు కిటికీ

నందికొండ రేవులో లాంచీ కదలకముందే కింది గదిలో పంచాయితీ మొదలైంది.

ఎరువుల దుకాణం సేటు ఆ సంవత్సరం బస్తాలు ఎక్కువ కొన్న రైతులను జంటలుగా శ్రీశైలం దాకా లాంచీలో తిప్పుతున్నాడు. మనిషికి ఒక బీరు, ఒక కూల్‌డ్రింకు. రెండు జంటలకు కలిపి ఒక గది. పేరుకే గది. ఎదురెదురుగా రెండు బల్లలు, కుడివైపు ఒకటే కిటికీ. చేయి చాస్తే నీళ్లు అందేటంత దగ్గర.

కిటికీ కింది బల్ల మీద కేతేపల్లి పర్వతాలు అప్పటికే కాళ్లు చాపుకున్నాడు. పక్కన అతని భార్య సైదమ్మ. ఎదుటి బల్ల మీద గొర్ల బీరప్ప, ఉప్పలమ్మ.

బీరప్పను చూస్తేనే అందరికీ నవ్వు. ఇంట్లో మందెడు గొర్రెల ఎరువు పెట్టుకుని, గొర్రెలమ్మి యూరియా కొన్న మొనగాడు మరి. సగం బస్తాలు ఇంకా కొట్టంలోనే గడ్డకడుతున్నాయట. ఉత్తగా వచ్చే లాంచీ కోసం మనుషులు ఎంతకైనా దిగజారుతారని దుకాణం ముందు చెప్పుకున్నారు.

"పర్వతాలూ, ఆ కిటికీ జాగ మాకియ్యి" అన్నాడు బీరప్ప. "మా బీర్లు రెండు నువ్వే తీస్కో."

పర్వతాలు ముఖం వెలిగిపోయింది. "గంతకన్న ఏం గావాలె పెద్దబాపూ. బీర్లు తెప్పియ్యి, జర సేపైనంక లేస్త."

బీర్లు వచ్చాయి. పర్వతాలు లేవలేదు. తమ రెండు, వాళ్ల రెండు తాగి, కిటికీకి అడ్డంగా పడి గురక మొదలుపెట్టాడు. సైదమ్మ ఎదుటి బల్ల మీదికి జరిగింది.

పైన టేపురికార్డరు మోగుతోంది. ఎవరో గంతులేస్తుంటే నెత్తి మీద చెక్కలు అదురుతున్నాయి. గదిలో ఉడుకు. సైదమ్మ తన కూల్‌డ్రింకు ఎప్పుడో తాగేసింది. ఉప్పలమ్మ ఒళ్లో రెండు సీసాలు మూత తీయకుండా అట్లాగే ఉన్నాయి.

"పెద్దమ్మా, నువ్వు తాగకపోతే ఒకటి ఇటియ్యరాదు? గొంతెండుతాంది."

ఉప్పలమ్మ ఒకటి ఇచ్చింది. సైదమ్మ తాగి, కాసేపటికి రెండో దాని మీద కన్నేసింది.

"గిది ఇయ్య. పిల్లది."

"మనుమరాలా?"

"బిడ్డ."

"ఏండ్లెన్ని?"

"ఏడు."

సైదమ్మకు నవ్వాగలేదు. ఉప్పలమ్మ తల ముగ్గుబుట్ట. "నీ యీడుకు ఏడేండ్ల బిడ్డనా? మా పెద్దబాపు గట్టోడే."

బీరప్ప విననట్టే నీళ్ల వైపు మెడ చాచాడు. ఉప్పలమ్మకు కోపం రాలేదు, సిగ్గూ కలగలేదు. ఆమె లోపల ఏదో ఎప్పుడో మొద్దుబారిపోయింది. పెదవులు పొలుసులు కట్టినా సీసా మాత్రం కొంగులో చుట్టి పట్టుకుంది.

"ఓసారి జాతరల రంగుసోడా కావాలన్నది. కొనియ్యలే" అంది.

"మరి పిల్లను ఎవరి దగ్గర ఉంచొచ్చిన్రు?"

"ఎవలున్నరు? ఒక్కతే ఉన్నది."

"గంత చిన్న పోరిని ఒక్కదాన్ని ఇడిసిపెట్టొచ్చిన్రా?"

"అందరు వోవాలె అన్నరు. ఇడిసిపెట్టే వచ్చినం."

సైదమ్మ నోట 'పెద్దమ్మా' అనే పిలుపు అక్కడితో ఆగిపోయింది. ఏడేళ్ల పిల్లను ఇంట్లో ఒంటరిగా వదిలి, ముసలి మొగుడితో షికారుకొచ్చిన ఆడదాన్ని ఆమె ఇంతవరకు చూడలేదు. పైగా సేటు ఇచ్చిన సీసా దాచి తీసుకుపోయి పిల్ల కళ్లు తుడవాలనే తెలివి. తన పిల్లలిద్దరూ తల్లిగారింట్లో భద్రంగా ఉన్నారు. అయినా పొద్దున్నుంచీ ఆమె మనసు వాళ్ల మీదే ఉంది.

"నాకైతే పానం ఒప్పదు" అంది ముఖం తిప్పుకుని.

"ఒప్పదు" అంది ఉప్పలమ్మ.

లాంచీ మలుపు తిరిగింది. నీళ్ల మధ్య ఒక గుట్ట శిఖరం బండలతో తేలింది. బీరప్ప దిగ్గున లేచాడు. ఆ గుట్ట మీద పదేళ్లు గొర్రెలు కాసిన మనిషికి ఒక్క బండను చూసినా చాలు.

"నక్కలగుట్ట వచ్చె" అన్నాడు. "పర్వతాలూ, లెవ్వు."

పర్వతాలు లేవలేదు. బీరప్ప అతని భుజం పట్టి ఊపాడు. గురక ఇంకా పెరిగింది. గుట్ట దగ్గరికొస్తోంది. ఉప్పలమ్మ మొదటిసారి కంగారుపడింది.

"దాటిపోతాందయ్యా. మళ్ల ఎప్పుడొస్తం మనం?"

మొగుడూ పెళ్లాం చెరో కాలూ పట్టి పర్వతాలును బల్ల మీంచి కిందికి లాగేశారు. అతను ధబ్బున చెక్కల మీద పడి, తిట్టబోయి, అటే తిరిగి పడుకున్నాడు.

"గుట్టను సూసెటందుకు నా మొగన్ని కింద పడేస్తరా? ఏం మనుషులు మీరు?" సైదమ్మకు నిజంగానే ఒళ్లు మండింది.

వాళ్లిద్దరూ అప్పటికే బల్ల మీద మోకాళ్లూని కిటికీలో ఉన్నారు. బీరప్ప సీసా మూత పళ్లతో పీకి భార్యకిచ్చాడు. నురగ ఆమె వేళ్ల మీదుగా కారింది.

"పిల్లకంటిరి, గీడనే మూత తీస్తిరి. ఇల్లు చేరెదాంక గ్యాసుంటదా?" అంది సైదమ్మ.

ఉప్పలమ్మ కిటికీలోంచి చేయి చాచి, డ్యాం నీళ్లొచ్చి ఊరు మునగకముందు ఆ గుట్ట కింద పూడ్చిపెట్టిన బిడ్డ మీద సీసాను మెల్లగా వంచింది.