ఇంకో ముక్క

“గొట్టం వేసి చిన్నపేగులోంచి ముక్క తీసేదాకా రోజూ బ్రెడ్డు తినాల్సిందే. ఇప్పుడే మానేస్తే పేగు కోలుకుంటుంది, పరీక్షలో జబ్బు దొరకదు,” అన్నాడు డాక్టరు అక్కతో.

అక్క మొహం మాడిపోయింది. నాకు మాత్రం కడుపు నిండిపోయింది.

అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. గోధుమ నా పేగుకు పడదని అప్పట్లో ఎవరికీ తెలియదు. నొప్పితో మెలికలు తిరుగుతుంటే జడ పట్టుకుని మరీ నోట్లో బ్రెడ్డు కుక్కేది. “వేషాలెయ్యకు, మింగు!” ఇప్పుడు అదే జబ్బు తనకూ ఉందేమోనని అనుమానం.

ఆ రోజు నుంచి రెండు పూటలా పళ్లెం నేనే పెట్టాను. అక్క పొట్ట పట్టుకుని వంగిపోయినప్పుడల్లా, “వేషాలెయ్యకక్కా, మింగు,” అన్నాను. ఆ మాట అప్పజెప్పడానికే ఇన్నేళ్లూ కాచుకు కూర్చున్నాను.

పరీక్ష అయింది. సోమవారం డాక్టరు ఫోన్ చేశాడు.

“జబ్బు అదేనండీ. ఈ పూట నుంచే గోధుమ బంద్. ఇంట్లో వంట మీరేనట కదా, జాగ్రత్త.”

సరేనన్నాను. ఫోన్ పెట్టేసి, బ్రెడ్డు ఇంకాస్త మందంగా కోశాను.

“డాక్టరేమైనా చెప్పాడా?” అంది అక్క.

“ఇంకా లేదు. తిను.”

తింది. మర్నాడూ తింది. గురువారం మధ్యాహ్నం కూడా పళ్లెం ఖాళీ చేసి, పమిటతో చెమట తుడుచుకుని, దాన్ని నా ముందుకు తోసింది.

“డాక్టరు నీకంటే ముందు నాకే ఫోన్ చేశాడే, పిచ్చిదానా. కసి తీరిందా, ఇంకో ముక్క పెడతావా?”