నాయన పోలిక

పెళ్లిచూపుల రోజు మల్లి తలెత్తి చూసిందా, లేదా? ఇరవై ఏళ్లుగా నాగులును తొలుస్తున్న అనుమానం ఇది.

ఈరోజు మార్కాపురం బస్టాండులో అది మరీ ఎక్కువైంది. యర్రగొండపాలెం బస్సు ఇంకా రాలేదు. నాగులు కూర్చుంటాడు, లేస్తాడు, గేటు దాకా పోయి వస్తాడు.

"ఏంది మామా, తప్పిపోయిన గొర్రెను ఎతుకుతున్నట్ల ఆ తిరుగుడు? ఒకపక్కన కూసో," అంది మల్లి.

కూతురు నాగవేణి ఎదురు దుకాణంలో నీళ్ల బాటిల్ కొంటోంది. పద్దెనిమిదేళ్ల పిల్ల. చిన్నప్పటి నుంచీ దవడ వెడల్పవుతూ వచ్చింది. నాయన పోలిక అని అందరూ సరిపెట్టుకున్నారు. ఈ రెండేళ్లలో నుదురు ముందుకొచ్చింది, ఒక చెవి మందగించింది.

పొద్దున డాక్టరు తల ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకు పట్టి చూపించాడు. పుర్రె ఎముక అవసరానికి మించి పెరుగుతోందట. రక్తంలోనే వచ్చే జబ్బట, చాలా అరుదట. చెవి నరం నలిగిపోకముందే ఆపరేషన్ చేయాలట.

నాగులు ముఖం చూశాక డాక్టరు అతన్నేమీ అడగలేదు. మల్లిని మాత్రం, "మీ వైపు ఎవరికైనా ఉందామ్మా?" అని అడిగాడు. మల్లి నేల చూస్తూ తల అడ్డంగా ఊపింది.

ఇంకెవరికుంటుంది? బడిలో పిల్లలు 'బండమొగం' అని ఏడిపించిన ముఖం నాగులుదే. అందుకే పెళ్లిచూపులకు వాళ్లమ్మ అతన్ని ఇంట్లోనే ఉంచి, తమ్ముడు బాలకృష్ణను పెళ్లికొడుకని చాప మీద కూర్చోబెట్టింది. పీటల మీద మాత్రం నాగులు కూర్చున్నాడు. తెర దించాక మల్లి అతన్ని చూసింది. ఏమీ అనలేదు. ఆమె తరఫు పెద్దమనుషులూ నోరెత్తలేదు. ఎంత మర్యాదస్తులో అనుకున్నాడు.

ఇరవై ఏళ్లలో ఒక్క దెప్పుమాట లేదు. వీలైన శనివారమల్లా మాలకొండ పోయి స్వామి ముందు లెంపలు వేసుకుంటూనే ఉన్నాడు. అయినా వేసుకోవలసింది స్వామి ముందేనా?

గబుక్కున వచ్చి మల్లి పక్కన కూర్చున్నాడు.

"మల్లీ, నీకొక మాట బాకీ ఉండాను."

"ఏం మాట?"

"ఆ పొద్దు మీ ఇంటికి వచ్చినోడు నేను గాదు. బాలకృష్ణ. నన్ను చూస్తే మీవాళ్లు ఒప్పుకోరని మాయమ్మ పంపిచ్చింది. నేనూ సరే అన్నా. నిన్ను మోసం చేసినా. ఇప్పుడు బిడ్డకూ ఈ మొగమే అంటిచ్చినా. తిట్టు, కొట్టు, ఏమన్నా అను."

బస్సు వచ్చి ఆగింది.

"అమ్మా, ఎక్కండి! సీట్లు పోతాయి!" నాగవేణి అరిచింది.

మల్లి కదల్లేదు.

"చూసినావా నువ్వు, ఆ పొద్దు వాణ్ణి?" నాగులు అడిగాడు.

మల్లి అతనికి వినపడే చెవి వైపుకు జరిగింది.

"యాడ చూసినా మామా? నా చూపంతా దొడ్డి తలుపు మీదనే. నీ బాకీ తీరింది, ఇంక నాది ఇను. నాకొక అన్న ఉండె. పెళ్లికి ముందే పోయినాడు. మీకు చెప్పనే లేదు."

కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"మీవాళ్లు చాప మీద కూసున్నంతసేపూ, అచ్చం నీ మొగమే ఉన్న ఆ అన్నను గొర్రెల దొడ్డిలోకి తోలి బయట గొళ్లెం పెట్టినాం."