చెమట పరీక్ష

"అరగంట కూసుంట. చెమట పట్టిందా, ఇది నా వడ్ల గోదాం. పట్టలేదా, మీ బొమ్మల బడి. ఇగ దానిమీద మాట లేదు."

అనంతరాములు సేటు మాట అంత సూటిగా ఉంటుంది. సూర్యాపేటలో కొత్తగా పెట్టిన కాలేజీకి స్థలమిచ్చింది ఆయనే, ఇటుకలు తోలించిందీ ఆయనే. డ్రాయింగు మాస్టారు కైలాసం స్టూడియో కావాలన్నప్పుడు, "ఫొటోలు దిగనీకా?" అని నవ్వాడు. కాదు, పిల్లలు బొమ్మలు గీసుకోవడానికంటే సరేనన్నాడు. తీరా గోడలు లేచాక, అందులో ఎన్ని బస్తాలు పడతాయో ఆయన కంటికి ఆనింది.

ఆ హాలును కైలాసం చెదలపుట్టను చూసి గీశాడు. రెండేళ్ళ కిందట గరిడేపల్లి బాటలో, మిట్టమధ్యాహ్నం, సగం కూలిన పుట్టలో చెయ్యి పెట్టి చూశాడు. పైన నిప్పులు చెరిగే ఎండ. లోపల కుండ అడుగులా చల్లన. కింద కన్నాలు, పైన గొట్టాలు. కింది గాలి లోపలికి, వేడి పైకి. అప్పటినుంచి అదే ధ్యాస. రేకుల షెడ్డులో పిల్లల చెమట చుక్కలు పడి రంగులు చెదిరిపోవడం ఎండాకాలం పొడుగునా చూస్తున్నవాడాయన.

"పుట్టల పాములుంటయ్ మాస్టరూ, పిలగాండ్లు గాదు," అన్నాడు సేటు, వెళ్తూ వెళ్తూ. "బేస్తారం పొద్దుగాల వస్త."

హాలు కట్టిన మేస్త్రీ ధన్‌సింగ్ పక్కనే ఉన్నాడు. అతని భార్య సీతాబాయి పగలు సేటు మిల్లులో వడ్లు ఆరబోసి, పొద్దుగూకే వేళకు వచ్చి ఇక్కడ గోడలు తడిపేది. సేటు పోగానే మొగుడూ పెళ్ళాలిద్దరూ తండా మాటల్లో ఏదో అనుకున్నారు.

"బేస్తారం వద్దు సారూ," అన్నాడు ధన్‌సింగ్. "సుక్కురారం రమ్మనుండ్రి. పగటీలి రెండింటికి."

గురువారం పొద్దున కాదని శుక్రవారం మధ్యాహ్నమా అనుకున్నాడు కైలాసం. మే నెల. రెండింటికి సూర్యాపేటలో కాకి కూడా ఎగరదు.

"పొద్దున్నయితేనే మనకు మేలు కదయ్యా?"

"గోడలింక పచ్చిగున్నయ్. ఒక్క వానకాలం పోనీ, అప్పుడు సూడు దీని సల్లదనం. ఇప్పుడు ఎప్పుడొచ్చినా ఉక్కనే."

"మరి రెండింటికే ఎందుకు?"

"ఈ పుట్టకు మన్ను మోసినోణ్ణి నేను. నా మాటిను సారూ."

సీతాబాయి కూడా తలూపింది. పది నెలల్లో ఒక్క ఇటుక వంకర పెట్టని చేతులు వాళ్ళవి. కైలాసం సేటుకు కబురు పంపాడు. "రెండింటికా! మాస్టరుకు ఎండదెబ్బ తగిలిందా ఏంది?" అని సేటు మిల్లంతా వినబడేలా నవ్వాడట.

శుక్రవారం వడగాడ్పు.

ఒంటిగంటన్నరకే కైలాసం హాలులో నిలబడ్డాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. భయానికి పట్టిన చెమట అనుకున్నాడు. సీతాబాయి ముంతతో నీళ్ళు తెచ్చి ఆయన పక్కన పెట్టింది. ఆ పూట మిల్లు కూలి వదులుకుని వచ్చిందని ఆయనకు తెలుసు. గోడవారకు వెళ్ళి, కొంగు చివర ముడిని వేళ్ళతో నలుపుతూ నించుంది.

సేటు రిక్షా దిగాడు. హాలు నడుమ కుర్చీ వేయించుకుని, జేబు గడియారం తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

ఐదు నిమిషాలు. కైలాసం కనుబొమ్మ మీంచి చుక్క జారి కంట్లో పడింది. తుడుచుకుంటే సేటు చూస్తాడు. తుడుచుకోలేదు.

పది నిమిషాలు. సేటు నుదురు తడుముకుని వేళ్ళు చూసుకున్నాడు. పొడిగా ఉన్నాయి.

పావుగంటకు భుజం మీది కండువా విప్పి నిండుగా కప్పుకున్నాడు.

"ఆ కింది బొర్రలు ఎవడు తెరిసిండ్రా? మూయుండ్రి! గాలి రివ్వున కొడ్తున్నది."

ధన్‌సింగ్ గోనెపట్టాలు తెచ్చాడు. కైలాసం రెండడుగులు ముందుకు వేశాడు. కన్నాలు మూస్తే పుట్ట ఇక పనిచెయ్యదు! వద్దనబోయాడు. ధన్‌సింగ్ కళ్ళతోనే వారించి, ఒక్కొక్కటే అన్నీ మూసేశాడు.

మూసినా సేటు పళ్ళు టకటకలాడుతూనే ఉన్నాయి. గడియారం జేబులో వేసుకుని లేచాడు.

"ఇగ సాలు. ఏం కట్టినవయ్యా మాస్టరూ! గిండ్ల వడ్లు బోస్తే నెమ్మెక్కి మొలకలొస్తయ్. నాకొద్దు. నీ పిల్లలనే గీసుకోమను."

హాలు పిల్లలకేనని రాసి కైలాసం చాచిన కాగితం మీద వణుకుతున్న చేత్తో సంతకం గీకి, ఎండలోకి గబగబా నడిచాడు.

ఆయన వెనకే గడప దాటిన కైలాసానికి వడగాడ్పు కూడా హాయిగా తగిలింది. భార్య లీలావతి పోయిన ఆరేళ్ళలో, ఇంటికి పరుగున వెళ్ళి చెప్పాలనిపించిన మొదటి కబురు ఇది. చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు. వెనక్కి తిరిగి మేస్త్రీ చేతులు రెండూ పట్టుకుని ఊపాడు.

సీతాబాయి రిక్షా వెంట పరుగెత్తింది. కొంగుముడి విప్పి, చిన్న కాగితం పొట్లం రిక్షా తొక్కే కొండల్ చేతిలో పెట్టింది. వేలు చూపించి ఏదో గట్టిగా చెప్పి తిరిగొచ్చింది.

"ఏమిటది, సీతాబాయీ?" అడిగాడు కైలాసం.

"దవాఖాన గోళీలు సారూ," అంది ఆమె కొంగు దులుపుకుంటూ, "పదిరోజుల సంది సేటుకు దినం ఇడిసి దినం సరిగ్గ రెండింటికి సలిజెరం వస్తున్నది, జెరమంటే ఒప్పుకోడు, గాలే అంటడు, మిల్లుల గూడ గిట్లనే కిటికీలు మూయమని ఒర్లుతడు."